అగ్నిదళ నాయకుడు



ముప్పదియైదేండ్లు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రమించిన పండితునకు నిప్పునార్పువారిని గుఱించి ప్రసంగించుటకు ఏమి యధికారము కలదని మీలో కొందఱు తలంపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. నేను ఏనాడును నీటిగొట్టము చేత పట్టినవాడను కాను. అయినను ఈ విషయము పదేండ్ల ప్రాయమునాటినుండి నన్ను విడిచినది కాదు. ఏల విడువలేదో మొదట చెప్పి, పిమ్మట అమెరికా దేశమున అగ్నిదళమునకు నాయకుడుగా ఉండువాని విధులెట్టివో, ఆ పదవికి ఎట్టివాడు తగునో, నేను చూచినంతవఱకును చదివినంతవఱకును మనవి చేసెదను.

అది 1971వ సంవత్సరము, వైశాఖమాసము. మా ఊరు గోదావరి డెల్టాలోనిది. నాడు మా వీధిలో పెంకుటిండ్లు మూడే. తక్కినవన్నియు తాటాకు ఇండ్లు. ఒక యింటి చూరు వేఱొక యింటి చూరుతో ఒరసికొనుచు ఉండెడిది. మిట్టమధ్యాహ్నమున పడమటిగాలి వీచుచుండగా ఒక వంటపాకలోని పొయ్యినుండి రవ్వ లేచి కప్పునంటుకొనెను. అన్నము వార్చునంతసేపటిలో ఏడిండ్లు మండసాగెను.

ఆ దినమున మా వీధిలో పిఱికివాడని చెప్పదగినవాడు ఒక్కడును లేడు. యువకులు కొడవళ్లతో కప్పులెక్కి ఆకు కోసి పడవేయుచుండిరి. స్త్రీలు బిందెలతో చెఱువునుండి నీరు మోయుచుండిరి. కాని పదిమంది పది విధములుగా అఱచుచుండిరి. ఒకడు "ఈ పక్క పోయండి" అనును; వేఱొకడు "అది పోయింది, ఆ పక్క చూడండి" అనును. కాపాడుటకు వీలులేని యింటిమీద బిందెలు బిందెలుగా నీరు పోసిరి. కాపాడదగిన యింటి కప్పును తడపినవాడు లేడు. ఒక యింటివారు ధాన్యపు బస్తాలను వీధి నడుమకు ఈడ్చివేసిరి. నీరు తెచ్చువారికి అవియే అడ్డమాయెను.

మంట మా యింటికి ప్రాకినప్పుడు నేను ఇంటిలో లేను. పెరటిదారిని మా నాయనమ్మతో చెఱువుగట్టునకు పోయి రావిచెట్టు నీడను కూర్చుండి తాటిముంజలు తినుచుంటిని. ఈ సంగతి వీధిలో నలుగురైదుగురికి తెలియును. నీటికై చెఱువునకు వచ్చినవారు నన్ను చూచియే పోయిరి. మా తల్లికి మాత్రము తెలియదు. ఆమె "లోపల పిల్లవాడున్నాడు" అని కేక వేసెను. చుట్టపుచూపుగా వచ్చియుండిన మా మేనమామ ఆ కేక విని, గోనెపట్టా తడిపి నెత్తిన కప్పుకొని లోనికి దూఱెను. ఆయనకు ఇరువదియాఱేండ్లు. కప్పు కూలినది. మంట లాఱిన పిమ్మట నేను ముంజలు చేత పట్టుకొని ఇంటికి వచ్చితిని.

పెద్దలు విధి యనిరి. వారిని నేను నిందింపను. ఆ కాలమున వేఱొకమాట ఎవ్వరికి తోచును? కాని నాడు లోపించినదేదో నాకు చాలకాలము స్పష్టముగా తెలియలేదు. నీరుండెను, మనుష్యులుండిరి, ధైర్యమునకు కొదువలేదు. ఎవ్వరు లోపల ఉన్నారు, ఎవ్వరు వెలుపల ఉన్నారు అని విచారించుటకు నియుక్తుడైనవాడు మాత్రము లేకుండెను.

నలువదియైదేండ్లు గడచినవి. 2016వ సంవత్సరమున మా అమ్మాయి కాన్పునకై నేనును నా గృహిణియు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు పోయి ఒక చిన్న పట్టణమున ఆఱు నెలలు ఉంటిమి. అక్కడ వృద్ధులకు సాయంకాలము నడచుట తప్ప వేఱు వ్యాపారము లేదు. నేను నడచు దారిలో ఒక యెఱ్ఱ ఇటుకల కట్టడము, అందు రెండు పెద్ద యెఱ్ఱబండ్లు కనబడుచుండెను. దానిమీద "ఫైర్ కంపెనీ" అని వ్రాసియుండెను. కంపెనీ యనగానే మనకు వర్తకసంఘమో, వెనుకటి ఈస్టిండియా వారో స్ఫురింతురు. ఇచ్చట ఆ పదమునకు దళము, అనగా కలసి పనిచేయు జట్టు అని అర్థము. మా అల్లుడు "మామయ్యగారూ, వీరిలో ఎవరికీ జీతం లేదండి" అని చెప్పగా నేను నమ్మలేదు. విచారింపగా నిజమే. ఆ దేశమున నిప్పునార్పువారిలో సగమునకు పైగా స్వచ్ఛందసేవకులే. పగలు తమ తమ వృత్తులు చేసికొనుచు, పిలుపు వచ్చిన వెంటనే పరుగెత్తుకొని వత్తురు.

ఈ యేర్పాటు పురాతనమైనది. ఆ రాష్ట్రములోనే ఉన్న ఫిలడెల్ఫియా నగరమున 1736వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను మహాశయుడు, మిత్రులతో కూడి, యూనియన్ ఫైర్ కంపెనీ అను దళమును స్థాపించెను. మెఱుపు విద్యుత్తేయని నిరూపించినవారిలో ప్రసిద్ధుడు ఆయనయే. ప్రతి సభ్యుడును తోలుబొక్కెనలను, సామానులు మోయుటకు గట్టి సంచులను, బుట్టలను ఎల్లప్పుడు సిద్ధముగా ఉంచుకొనవలెను. నెలకొకమాఱు కూడి తమకు తోచిన ఉపాయములను చర్చించుకొనవలెను. సమావేశమునకు రానివానికి జరిమానా. ఆ సొమ్ముతో యంత్రములు, నిచ్చెనలు, కొక్కెములు కొనెడివారు. మంటకు రానివానికి కాక సమావేశమునకు రానివానికి జరిమానా వేయుట నాకు మిక్కిలి రుచించినది. మంట యనగా ఎవ్వడైనను పరుగెత్తును. మంట లేనినాడు వచ్చి కూర్చుండుటయే కష్టము.

కాలక్రమమున ఇట్టి దళములు పెరిగి, పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఒకదానితో ఒకటి పోటీపడి, నిప్పును వదలి వీధులలో కలహించిన చరిత్రయు కలదు. అందువలన పెద్ద నగరములు జీతముగల దళములను ఏర్పఱచుకొనెను: సిన్సినాటి 1853లో, న్యూయార్కు 1865లో, ఫిలడెల్ఫియా 1871లో. చిన్న ఊళ్లలో మాత్రము స్వచ్ఛంద దళములు నేటికిని నిలిచియున్నవి.

ఒకనాటి సాయంకాలము మా అల్లుడు నన్ను ఆ కట్టడములోనికి తీసికొనిపోయెను. దళనాయకుడు ఏబదియేండ్లవాడు, పగలు ఇండ్లలో నీటిగొట్టములు బాగుచేయుట ఆయన వృత్తి. దళమువారే ఆయనను ఎన్నుకొనిరట. నాయకుని ఆ దేశమువారు కెప్టెన్ అందురు. ఆయన చొక్కా కాలరుమీద చిన్న బిళ్ళ ఉండెను. దానిమీద రెండు కొమ్ముబూరలు చిత్రింపబడియుండెను. పూర్వము యంత్రముల రొదలో మాట వినబడుటకై నాయకులు లోహపు బూరలో కేకవేసెడివారట. నేడు రేడియో వచ్చినది. బూర మాత్రము చిహ్నముగా మిగిలినది. ఒక బూర యున్నచో లెఫ్టినెంటు, రెండున్నచో కెప్టెన్.

ఆయనను నేను "మీ ముఖ్యమైన పని యేమి?" అని అడిగితిని. తడవుకొనక చెప్పిన ఉత్తరమును మా అల్లుడు ఇట్లు తెనిగించెను: "నీళ్లు కొట్టడం నా మనుషుల పని. లెక్కపెట్టడం నా పని." నేను పండితుడను కావున ఆ మాట వినగానే నాకు మన నాయక శబ్దము స్మరణకు వచ్చినది. నాయకుడనగా ముందు నడచువాడని సామాన్యముగా చెప్పుకొందుము. దానికి మూలమైన "నీ" ధాతువునకు వైయాకరణులు చెప్పు అర్థము చేర్చుట. ఉద్దిష్టమైన చోటికి చేర్చువాడే నాయకుడు. ఆ నీటిగొట్టముల పనివానికి వ్యాకరణము రాదు. అర్థము మాత్రము తెలియును.

ఆయన లెక్కలు ఎట్టివో వినుడు.

పిలుపు రాగానే నాయకుడు చోదకుని ప్రక్క పీఠమున కూర్చుండును. బండి పోవుచుండగనే వాని పని మొదలగును. పిలుపు ఏ యింటినుండి, ఆ యిల్లు కొయ్యదా, ఇటుకలదా, ఎన్ని అంతస్తులు, ఆ వేళ అందెవ్వరుందురు, దగ్గఱ నీటి కుళాయి ఎచ్చట ఉన్నది అని ఆలోచించుకొనుచునే ఉండవలెను. చేరిన వెంటనే లోనికి దూకరాదు. వీలైనచో ఇంటిచుట్టు ఒక ప్రదక్షిణము చేసి నాలుగు ప్రక్కలను చూడవలెను. ముందు వాకిట పొగ మాత్రమే కనబడును. పెరటివైపున జ్వాల కిటికీనుండి వెలువడుచుండవచ్చును. లేదా అక్కడ ఎవ్వరైన చేతులూపుచుండవచ్చును. ఈ ప్రదక్షిణమునకు ఒకటి రెండు నిమిషములు పట్టును. చూచుచున్న జనులు "వచ్చి నిలుచున్నారే, లోపలికి పోరే!" అని తిట్టుదురు. ఆ తిట్లు సహించుట నాయకుని మొదటి అర్హతయని నేను తలంచుచున్నాను.

రెండవ లెక్క నీటిది. ఆ దళపు బండిలో 500 గాలనుల తొట్టి యుండెను, అనగా సుమారు 1900 లీటర్లు. ఒక గొట్టము పూర్తిగా విప్పినచో నిమిషమునకు 150 గాలనులవఱకు పోవును. భాగించి చూడుడు: మూడు నిమిషములు దాటిన పిమ్మట కొలదిసేపటికే తొట్టి వట్టిది. ఆ లోపల కుళాయికి గొట్టము తగిలింపబడనిచో లోపలికి పోయినవారి చేతిలో వట్టి గొట్టము మిగులును. కావున లోనికి ఇద్దఱిని పంపునప్పుడే నీటికి ఒకనిని పంపవలెను.

మూడవది పొగను చదువుట. వేడి కప్పు క్రింద పేరుకొని రమారమి 600 డిగ్రీలకు వచ్చెనా, గదిలోని సమస్త వస్తువులును ఒక్కమాఱుగా భగ్గుమనును. పిమ్మట ఆ గదిలో ఎవ్వరును బ్రదుకరు. వెనుకటి దినములలో దూదిపరుపులు, కొయ్య కుర్చీలు ఉన్నప్పుడు ఇట్లగుటకు అరగంటవఱకు పట్టెడిది. నేటి నురుగు పరుపులు, ప్లాస్టిక్కు సామానుగల గదిలో ఐదు నిమిషములలోపలనే కావచ్చునని పరీక్షలవలన తేలినది. పొగ యెంత చిక్కగా ఉన్నది, ఎంత వేగముగా దూసికొని వచ్చుచున్నది అనుదానినిబట్టి ఆ క్షణము దగ్గఱపడినదో లేదో నాయకుడు గ్రహింపవలెను. ఉక్కిరియై యున్న గది తలుపు తెఱచిన, గాలి లోనికి పోయి నిప్పునకు ప్రాణము పోసినట్లగును. మనవారు గాలికి వాయుసఖుడని అగ్నికి పేరు పెట్టుట ఊరకనే కాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన లెక్క మనుష్యులది. ఆ కట్టడములో గోడకు ఒక పలక వ్రేలాడుచుండెను. ప్రతివాని పేరును చెక్కిన చిన్న బిళ్ళలు దానికి తగిలింపబడియుండెను. మంటలోనికి పోవువాడు తన బిళ్ళను నాయకుని వద్దగాని, పలక చూచువాని వద్దగాని ఇచ్చి పోవలెను. మరలి వచ్చినప్పుడు తీసికొనవలెను. పలకమీద మిగిలిన బిళ్ళ లోపల మిగిలిన మనుష్యుడు. వీపున కట్టుకొను గాలిబుడ్డి అరగంటకు చాలునని పేరే కాని, శ్రమపడువానికి పదునైదు, ఇరువది నిమిషములకే అయిపోవును. ఎవ్వడు ఎప్పుడు పోయెనో కాలము వ్రాసికొని, గాలి తీరకమున్నే వెనుకకు పిలువవలెను. ఒక్కడుగా ఎవ్వనినీ పంపరాదు. ఇద్దఱు లోనికి పోయినప్పుడు వారిని రక్షించుటకు ఇద్దఱు వెలుపల సిద్ధముగా ఉండవలెనని 1998లో ఆ దేశ ప్రభుత్వపు కార్మికరక్షణ నియమములలో చేర్చిరి.

నేను ఆ పలకవంక చూచుచు మా మేనమామ పేరుగల బిళ్ళ ఒకటి నాడుండినయెడల ఏమయ్యెడిదని తలపోసితిని. ఉండినను చాలకపోయెడిదేమో. ఎంత లెక్క తెలిసినవారికిని ఎట్టి సంకటము వచ్చునో చెప్పెడి వృత్తాంతమొకటి ఆ నాయకుడే నాకు చెప్పెను. తరువాత దానిని గుఱించి దొరికినంతమట్టుకు చదివితిని.

మసచూసెట్సు రాష్ట్రమున వూస్టరు అను నగరము కలదు. అక్కడ 1906లో కట్టిన ఆఱంతస్తుల శీతలగిడ్డంగి యొకటి పాడుపడియుండెను. చలువ పోకుండుటకై గోడలకు లోపల బెండును, నురుగును దట్టముగా అద్దియుండిరి. పై అంతస్తులలో కిటికీలు లేనట్లే. 1999వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీ సాయంకాలము అందు నిప్పు పుట్టినది. ఇల్లులేని స్త్రీపురుషులు ఇద్దఱు అందు తలదాచుకొనుచుండిరనియు, వారు లోపల ఉండవచ్చుననియు వచ్చినవారికి తెలిసినది. వెదకుటకు ఇద్దఱు లోనికి పోయి, పొగలో దారి తప్పిరి. గాలి అయిపోవుచున్నదని రేడియోలో మొఱపెట్టిరి. వారికొఱకు మఱి నలుగురు పోయిరి. వారును రాలేదు.

మెట్లమొదట నిలిచి ఆజ్ఞలిచ్చుచుండిన అధికారి మైకేల్ మెక్‌నమీ. ఆయన కెప్టెనుకంటె పై పదవివాడు, కొన్ని దళములకు పెద్ద. ఆయన యెదుట ఇంకను పలువురు లోనికి పోవుటకు సిద్ధముగా ఉండిరి. తోటివారు లోపల పిలుచుచుండగా నిలువగలవాడెవ్వడు? అప్పుడాయన వాకిలికి అడ్డముగా నిలిచి, ఇక నెవ్వరును పోరాదని శాసించెను. కొందఱు కోపగించిరి, వాదించిరి. ఆయన కదలలేదు. తరువాత పేర్లు పిలిచి లెక్క చూడగా ఆఱుగురు తక్కువైరి. ఆ ఆఱుగురి దేహములను వెలికితీయుటకు ఎనిమిది దినములు పట్టినది.

ఇల్లులేని ఆ యిద్దఱు అంతకు ముందే వెడలిపోయియుండిరి. వారి క్రొవ్వొత్తి దొరలియే నిప్పంటుకొనినది. మంటను చూచి వారు బయటపడిరి, ఎవ్వరికిని చెప్పలేదు.

ఈ మాట వినిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేశము వేఱు, కాలము వేఱు, చెఱువుగట్టున ముంజలు తినుచున్న పిల్లవానికిని ఆ యిద్దఱికిని ఏ పోలికయు లేదు. అయినను లోపల లేనివారికొఱకు ప్రాణములు పోవుట రెండుచోట్లను జరిగినది. నాడు మా వాకిట అడ్డముగా నిలిచి "ఆగవయ్యా, పిల్లవాడు నిజముగా లోపలనే ఉన్నాడా?" అని అడిగినవాడు ఒక్కడున్నను నాకు మేనమామ మిగిలెడివాడు. వూస్టరులో అట్టివాడు ఉండుటచేత ఆఱు ఏడు కాలేదు, పది కాలేదు. లోనికి పొమ్మనుటకు ధైర్యము కావలెను. పోవలదనుటకు కావలసిన ధైర్యమునకు మనభాషలో వేఱు పేరు లేదు, ఉండవలసినది.

ఇట్టివాడు ఎట్లు తయారగును? న్యూయార్కువంటి నగరములలో సామాన్యుడు మొదట లెఫ్టినెంటు పరీక్షలోను, తరువాత కెప్టెను పరీక్షలోను గెలువవలెను. ఇండ్ల కట్టుబడి, నీటి ఒత్తిడి, పొగలోని విషములు, చట్టము, అన్నియు చదువవలెను. చిన్న ఊళ్లలో దళమువారే ఎన్నుకొందురు. అక్కడను కొన్ని శిక్షణలు పూర్తి చేసినవారినే నిలుపుట ఆచారమగుచున్నది. పరీక్షల సంగతి నేను విస్తరింపను; జీవితమంతయు పరీక్షలు పెట్టినవాడను, వాని పరిమితి నేనెఱుగుదును. పరీక్షకందని అర్హత యొకటి కలదు. అది దళమువారి నమ్మకము.

మొంటానా రాష్ట్రమున మాన్ గల్చ్ అను కొండలోయలో 1949వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన జరిగినది వినుడు. విమానమునుండి గొడుగులతో దిగి అడవినిప్పు నార్పువారు పదునైదుగురు అక్కడ దిగిరి. నేలమీద మఱొకడు కలసెను. వారి నాయకుడు వాగ్నర్ డాడ్జి. ఎండుగడ్డిలో జ్వాల వారిని తఱుముకొని వచ్చెను. పరుగెత్తి తప్పించుకొనుట అసాధ్యమని గ్రహించి డాడ్జి ఒక విచిత్రమైన పని చేసెను. తన యెదుటి గడ్డికి తానే అగ్గిపుల్ల గీసి అంటించి, అది కాలిపోయిన బూడిదలో బోర్ల పడుకొని, తక్కినవారిని అందులోనికి రమ్మని పిలిచెను. కాలిన చోట మరల కాలుటకేమున్నది? కాని ఒక్కడును రాలేదు. నాయకునికి మతి పోయినదని తలంచియుందురు. వారిలో పలువురు అంతకుముందు ఆయనతో కలసి పనిచేసినవారు కారు. పదుమువ్వురు మరణించిరి. డాడ్జి బూడిదలో బ్రదికెను. మఱి యిద్దఱు కొండకొమ్ము చేరి బ్రదికిరి. ఆయన యుక్తి సరియైనదే. దానిని నమ్ముటకు తగినంత పరిచయము వారికి లేదు. ఆ దినమున చెప్పి ఒప్పించుటకు వ్యవధి ఎక్కడిది? నిప్పు లేనినాడు, నెల తఱువాత నెల, కలసి నిచ్చెనలు తుడిచి, కలసి భోజనము చేసి సంపాదించుకొనవలసిన వస్తువది. ఫ్రాంక్లిను వేసిన జరిమానా దేనికో ఇప్పుడు తెలిసినదికదా!

ఇంటిని ముందుగా ఎఱిగియుండుట రెండవ అర్హత. మంచి నాయకులు తీరిక దినములలో తమ పరిధిలోని బడులు, ఆసుపత్రులు, గిడ్డంగులు తిరిగి, మెట్లు ఎక్కడ, వెనుకవాకిలి ఎక్కడ, మండెడి సరకు ఎక్కడ అని గుఱుతు వ్రాసికొందురు. మనకు లక్కయింటి కథ తెలియనిది కాదు. ఆ యిల్లు మండుపదార్థములతో కట్టబడినదని ధర్మరాజు వాసననుబట్టి మొదటనే గ్రహించెను. విదురుడు పంపిన ఖనకుడు బిలము త్రవ్వి దారి సిద్ధము చేసియుండెను. కావుననే మంట లేచిన రాత్రి తల్లియు, కొడుకు లైదుగురును లెక్క తప్పక వెలుపలికి వచ్చిరి. భీముని బలమునే మనము పొగడుదుము. ఆ బిలమును ముందుగా త్రవ్వినవాని పేరును ఎవ్వరును అడుగరు.

ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే కావలెననుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. బొంబాయి రేవులో 1944 ఏప్రిలు 14వ తేదీన ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో ప్రత్తిబేళ్లకు నిప్పంటెను. అదే ఓడలో మందుగుండు సామగ్రి వందల టన్నులు కలదు. ఓడను ముంచవలెనా, సముద్రములోనికి ఈడ్చుకొని పోవలెనా అని అధికారులు తలకొక మాట చెప్పుచుండగా గంటలు గడచినవి. నిప్పునార్పువారు మాత్రము ఓడపైననే నిలిచి నీరు కొట్టుచుండిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటగనే ఓడ పేలినది. నిప్పునార్పువారే అఱువదియాఱుగురు పోయిరి. ఏటేట ఏప్రిలు 14 మొదలుగా మనవారు జరుపు అగ్నిమాపక వారోత్సవము వారి జ్ఞాపకార్థమే. మన బడులకు ఆ వారములో వచ్చి నీరు చిమ్మి చూపించిపోవుదురు. కారణమును పిల్లలకు చెప్పుట అరుదు. నేనును ఉద్యోగములో ఉన్నంతకాలము చెప్పినవాడను కాను, ఎఱుగను గనుక.

దేశమునుండి తిరిగివచ్చిన పిమ్మట మా ఊరిపెద్దలతో ఈ సంగతులు ముచ్చటించితిని. నేడు మా వీధిలో తాటాకు ఇండ్లు లేవు. కాని గ్యాసుబండలు కలవు, గడ్డివాములు కలవు, పాత విద్యుత్తీగలు కలవు. 101కి చెప్పినను పట్టణమునుండి బండి వచ్చుటకు కొంతసేపు పట్టును. ఆ కొంతసేపు మనది. ఆ వేళ ఎవరి మాట చెల్లవలెనో ముందుగా నిర్ణయించుకొందమంటిని. కొందఱు సైన్యమునుండి వచ్చినవానిని, కొందఱు కండబలముగల యువకుని సూచించిరి. నేను పాలకేంద్రములో లెక్కలు వ్రాయు అమ్మాయిని సూచించితిని. ఉదయము, సాయంకాలము ఊరంతయు ఆమె యెదుటికి వచ్చును. ఏ యింట ఎందఱు, ఎవరు ఊరికి పోయిరి, ఏ ముసలమ్మకు నడువ శక్తి లేదు, అన్నియు ఆమెకు కంఠపాఠము. "పంతులుగారూ, ఆడపిల్ల మంటలో దూకుతుందా అండీ?" అని ఒక పెద్దమనిషి నవ్వెను. దూకుట ఆమె పని కాదంటిని. పట్టణపు అగ్నిమాపక కేంద్రమువారు పిలువగనే వచ్చి ఒకదినము ఆమెకును, పదిమంది యువకులకును శిక్షణ యిచ్చిరి.

మొన్నటి ఫాల్గుణమున ఒక రాత్రి గడ్డివామి అంటుకొని ప్రక్కనున్న రెండిండ్లకు వేడి తగులుచుండెను. యువకులు బోరుబావి మోటారుకు గొట్టము తగిలించి, వామిని వదలి ఇండ్ల గోడలను తడుపుచుండిరి. ఆమె రచ్చబండయొద్ద నిలిచి, పాలపుస్తకము తెఱచి, ఆ వరుసలోని ఇండ్లవారి పేర్లు ఒక్కొక్కటిగా పిలిచెను. నలువదియొక్క పేర్లు. ఒక్కొక్కరు "ఉన్నాను" అనుచుండిరి. ముప్పదియెనిమిదవ పేరునకు జవాబు లేదు. అది ఒక ముసలివానిది. ఇద్దఱు యువకులు అప్పుడే ఆ యింటివైపు పరుగెత్తబోయిరి. ఆమె చేయి అడ్డము పెట్టి, "ఆగండి, ముందు ఇక్కడ చూడండి" అనెను. దీపము త్రిప్పి చూచితిమి. ముసలివాడు ఆమె వెనుకనే, దుప్పటి కప్పుకొని నిలిచి మంటను చూచుచుండెను. అతనికి చెవుడు. ఆమె పుస్తకములో గుఱుతు పెట్టుకొని ముప్పదితొమ్మిదవ పేరు పిలిచెను.